పన్ను మీద క్యాప్ సరిగ్గా కూర్చోవాలంటే
(షాంటిలీ వార్షిక సమావేశంలో డెంటల్ ల్యాబ్ పనివాళ్ల తరఫున చేసిన ప్రసంగం)

 

ప్రతి ఏడూ ఇక్కడ వీసాల గురించి, జీతాల గురించి, ఇంటి అద్దెల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఒక్కో పనివాళ్లు తమ చేతిపని గురించి చెప్పాలన్నారు. ట్రక్కు నడిపే అన్నలు చెప్పారు, హోటలు వంటగదుల్లో చేసేవాళ్లు చెప్పారు. మేము డెంటల్ ల్యాబుల్లో పనిచేసేవాళ్లం. రూట్ 28కి అటూ ఇటూ, డల్లెస్‌లో దిగే విమానాలు నెత్తిమీదుగా పోతుంటే, బయటికి గోడౌన్‌లా కనపడే కట్టడాల్లో కూర్చుని పళ్లు చేస్తాం. మా పని ఎవరికీ కనపడదు. నోట్లో క్యాప్ పెట్టించుకున్న మనిషికి డాక్టరు తెలుసు, రిసెప్షన్‌లో అమ్మాయి తెలుసు, బిల్లు బాగా తెలుసు. ఆ క్యాప్ ఎవరు చేశారో తెలియదు.

మాలో కొందరం హైదరాబాదులో, విజయవాడలో డెంటల్ మెకానిక్ డిప్లొమా చేసి వచ్చినవాళ్లం. కొందరు అక్కలు అక్కడ బీడీఎస్ చదివి, ప్రాక్టీసు కూడా చేసి, పెళ్లయి హెచ్-4 మీద వచ్చినవాళ్లు. ఇక్కడ డాక్టరుగా చేయాలంటే ఐఎన్‌బీడీఈ పరీక్ష రాయాలి, ఆపైన మళ్లీ కాలేజీలో చేరాలి. ఆ ఫీజు చూసి ఆగిపోయి, పని అనుమతి కార్డు వచ్చాక ల్యాబులో చేరారు. ఇంకొందరు ప్యాకింగులో చేరి, ప్లాస్టరు పోయడం నేర్చుకుని, మెల్లగా బల్ల దగ్గరికి జరిగినవాళ్లు. ఎక్కడినుంచి వచ్చినా అందరికీ భయం ఒక్కటే: "రీమేక్". క్యాప్ కూర్చోలేదని డాక్టరు తిప్పి పంపడం. తిప్పి పంపిన ప్రతి డబ్బా మీదా ఎవరిదో ఒకరి పేరు పడుతుంది. ఆ పేరు చాలాసార్లు మనవాళ్లదే అవుతుంది, ఎందుకంటే ఎదురు చెప్పనిది మనవాళ్లే. అందుకే ఈ రోజు కొంచెం పని గురించి, కొంచెం ఆ పేరు గురించి మాట్లాడతాం. ఈ పనితో సంబంధం లేనివాళ్లు కూడా వినండి. మీ నోళ్లలోనూ క్యాపులుంటాయి గదా.

క్యాప్ అంటున్నాం, ఇక్కడ క్రౌన్ అంటారు, అంటే కిరీటం. కిరీటం అయితే తల మీద కాస్త వదులైనా నిలబడుతుంది, రాజుగారు తల వంచకుండా ఉంటే చాలు. ఇది అలా కాదు. రోజుకు మూడు పూటలా నమిలే చోట, ఎప్పుడూ తడిగా ఉండే చోట, అరిగించిన పన్ను మీద ఇది ఏళ్ల తరబడి కూర్చోవాలి. క్యాప్ అంచు, పన్ను అంచు కలిసే గీతను మార్జిన్ అంటాం. అక్కడ సందు ఉంటే లోపలి సిమెంటు మెల్లగా కరిగి పోతుంది. ఆ సందులో క్రిములు చేరతాయి. పైకి క్యాప్ మెరుస్తూనే ఉంటుంది, కింద పన్ను పుచ్చిపోతుంది. తెలిసేసరికి రూట్ కెనాలో, పన్ను పీకడమో.

ఎంత సందు ఎక్కువ? బ్రిటన్‌లో మెక్లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ అనే ఇద్దరు 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. వెయ్యికి పైగా క్యాపులూ ఇతర పనులూ ఐదేళ్ల పాటు చూసి, 120 మైక్రాన్ల దాకా ఉంటే నోట్లో నెగ్గుకొస్తుందన్నారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లనుకోండి. అంటే రెండు వెంట్రుకల మందం కూడా లేదు. ఇప్పటికీ అందరూ ఆ అంకెనే చెబుతారు, కానీ అది పై హద్దు. 120 ఉన్నా పోనీలే అనుకుని పనిచేసేవాడు 200 దగ్గర తేలతాడు. యాభైకి గురిపెట్టి కూర్చుంటే నూరు లోపల నిలబడతాం. మా అనుభవం అది.

ఇక పని సంగతి. సరిగ్గా కూర్చోవడమనేది చివర్లో చూసుకునే విషయం అనుకుంటారు కొత్తవాళ్లు. కాదు. డబ్బా విప్పిన నిమిషంలోనే సగం తేలిపోతుంది.

డాక్టరు దగ్గరినుంచి అచ్చు వస్తుంది, లేదా స్కాన్ ఫైలు వస్తుంది. అచ్చు అయితే దీపం కింద, భూతద్దం పెట్టి చూడండి. మార్జిన్ గీత పన్ను చుట్టూ తెగకుండా తిరిగిందా? ఎక్కడైనా బుడగ ఉందా? అచ్చు తీసేటప్పుడు చిరిగిందా, లాగినట్టు సాగిందా? ఆల్జినేట్ అచ్చు అయితే నీరు ఆరిపోయి నిమిషాల్లోనే ముడుచుకుంటుంది, ఖాళీ దొరికాక చూద్దామని పక్కన పెట్టకూడదు. ఎదురు పళ్ల అచ్చు చాలాసార్లు దాంతోనే వస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు, తర్వాత కాటు ఎత్తుగా వచ్చిందని తల పట్టుకుంటారు. సిలికాన్ అచ్చు నిలకడగా ఉంటుంది గానీ, కొన్ని రకాలు మొదట్లో గ్యాసు వదులుతాయి. తొందరపడి ప్లాస్టరు పోస్తే డై మీద చిన్న చిన్న రంధ్రాలు పడతాయి. ఎంతసేపు ఆగాలో కంపెనీవాడి కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం చదివేవాళ్లు తక్కువ.

స్కాన్ అయితే మోసం వేరే రకంగా ఉంటుంది. అచ్చులో బుడగ ఉంటే కంటికి కనపడుతుంది. స్కాన్‌లో రక్తం, ఉమ్మి, చిగురు అడ్డొచ్చిన చోట ఖాళీ ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని తనే నున్నగా పూడ్చేస్తుంది. తెర మీద చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అది పన్ను కాదు, కంప్యూటరు ఊహ. ఆ ఊహ మీద మనం మార్జిన్ గీత గీస్తే, క్యాప్ ఆ ఊహకే సరిపోతుంది. అందుకని రంగుల స్కాన్ పెట్టుకుని చూడండి. ఎర్రగా, తడిగా మెరిసే చోట గీత అనుమానమే.

అనుమానం వస్తే ఏం చేయాలి? ఫోన్ చేయాలి. ఇక్కడే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఇంగ్లీషు యాసకు నవ్వుతారేమో, డాక్టరు విసుక్కుంటాడేమో, మేనేజరు "ఇదొక్కటి కూడా నువ్వు చూసుకోలేవా" అంటాడేమో అని. సరే, గుర్తున్న చోట గీత గీసేద్దాం అనుకుంటారు. అక్కా, తమ్ముడూ, ఊహించి గీసిన గీతకు బాధ్యత మొత్తం గీసినవాళ్లదే. అడిగి గీసిన గీతకు ఇద్దరిదీ. ఒక్క వాక్యం నేర్చుకుంటే చాలు: "మార్జిన్ ఈజ్ నాట్ క్లియర్ ఆన్ ద డిస్టల్ సైడ్, ప్లీజ్ చెక్ అండ్ రీస్కాన్." ఎటువైపో ఆ పేరు మార్చుకోండి, మీసియల్ అనో, లింగ్వల్ అనో. మాలో ఒక అక్క ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి ఫోను పక్కన అతికించుకుంది. ఇప్పుడు డాక్టర్లే ఆవిడను పేరుపెట్టి అడుగుతారు. చెప్పకుండా చేసేవాళ్ల కన్నా ముందే చెప్పేవాళ్లను డాక్టరు నమ్ముతాడు.

ప్లాస్టరు పోసేవాళ్లకు ఒక్క మాట. డై కోసం వాడే గట్టి రాయిపొడికి నీళ్లు కొలిచి పోయాలి, కంటి లెక్క పనికిరాదు. నీళ్లు ఎక్కువైతే మెత్తబడి, అంచు గోరు తగిలినా రాలుతుంది. బజ్జీల పిండి కాదిది, పలచనైందని ఇంకొంచెం పొడి వేసి సర్దడానికి. సంచి మీద ఉన్న కొలతతో తూచి, వాక్యూం మిక్సరులో తిప్పి, గట్టిపడే దాకా వదిలేయండి.

తర్వాత డైని విడిగా కోస్తాం. మార్జిన్ కింద చెక్కి, గీత బయటపడేలా చేస్తాం. ఇది మైక్రోస్కోపు కింద చేయాల్సిన పని. ఎర్ర పెన్సిలుతో గీసేటప్పుడు ముల్లు పక్కగా పెట్టి గీయండి. మందంగా గీస్తే ఆ పెన్సిలు మందమే క్యాప్ అంచులో సందై కూర్చుంటుంది. ఆపైన స్పేసరు పూత. సిమెంటుకు చోటు కావాలి గదా, అందుకని. ఒక్కో పూత పది మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, రెండు మూడు పూతలు. అంచుకు ఒక మిల్లీమీటరు దూరంలో ఆపేయాలి. అంచు దాకా పూస్తే సందు మనమే తయారు చేసినట్టు.

ఇంకో మాట మరిచిపోవద్దు. కోసిన మోడలు కాకుండా, కోయని మోడలు ఒకటి వేరే పోసి పెట్టుకోవాలి. కోసిన డై పిన్ను మీద ఎంత బాగున్నా వెంట్రుకవాసి కదులుతుంది. అంచు చూడటానికి విడి డై, పక్క పళ్ల ఒత్తిడి చూడటానికి కోయని మోడలు. ఈ రెండూ ఎందుకు కావాలో కాసేపట్లో చెబుతాం.

మైనంతో చేసి పోత పోసే పద్ధతి ఇప్పుడు తగ్గింది. కానీ నేర్చుకున్నవాళ్ల చెయ్యి వేరు. దంతవైద్యంలోకి ఈ పోత పద్ధతిని 1907లో టాగర్ట్ అనే అమెరికా డాక్టరు ప్రచారంలోకి తెచ్చాడు. మైనంతో ఆకారం చేయడం, దాని చుట్టూ మట్టి లాంటి పదార్థం పోయడం, కొలిమిలో మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోయడం. ఇది విన్న మా ఆదిలాబాద్ తమ్ముడు నవ్వాడు. "అన్నా, మా దగ్గర డోక్రా బొమ్మలు గిట్లనే గదా చేస్తరు, టాగర్ట్ తాత పుట్టకముందు నుంచి" అన్నాడు. నిజమే. ఆ డోక్రా పనికి 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. తేడా ఒక్కటే. బొమ్మ చల్లారి కాస్త చిన్నదైనా బొమ్మే. మన పోత చల్లారి చిన్నదైతే పన్ను మీదికి దిగదు. అందుకే లోహం ఎంత ముడుచుకుంటుందో అంతా చుట్టూ ఉన్న ఇన్వెస్ట్‌మెంట్ ఉబ్బాలి. ద్రావకంలో నీళ్ల పాలు మారిస్తే ఆ ఉబ్బు మారుతుంది. క్యాపులు వరసగా బిగుతుగా వస్తున్నాయంటే చేతిని తిట్టుకోకుండా ముందు ఆ పాళ్లు చూడండి.

ఇప్పుడు ఎక్కువగా నడిచేది జిర్కోనియా. సుద్దలా మెత్తగా ఉండే బిళ్లను మిల్లింగ్ మిషన్ చెక్కుతుంది, తర్వాత కొలిమిలో పెడితే నిడివిలో సుమారు ఐదోవంతు ముడుచుకుని రాయిలా గట్టిపడుతుంది. అంత ముడుచుకునేదాన్ని మైక్రాన్లలో సరిపెట్టాలంటే ముందే పెద్దదిగా చెక్కాలి. ఎంత పెద్దదిగా అనేది ప్రతి బిళ్ల మీదా అంకెగా రాసి ఉంటుంది. ఒక బ్యాచికీ ఇంకో బ్యాచికీ అది మారుతుంది. రాత్రి షిఫ్టులో బిళ్ల మార్చి, పాత అంకెనే మిషన్‌లో వదిలేస్తే, పొద్దునకు ఆ బిళ్లలోంచి వచ్చిన క్యాపులన్నీ ఒకే రకంగా వదులో, బిగుతో అవుతాయి. ఒక్కటి తప్పైతే చెయ్యి. అన్నీ ఒకే తీరుగా తప్పైతే అంకె, లేదా కొలిమి. ఈ తేడా పట్టుకోవడం రావాలి.

మిషన్‌లో కొడవలి పెట్టి సూది రంధ్రం చెక్కలేం. బర్ర్ మొన ఎంత లావో అంతకన్నా సన్నని మూలను అది చెక్కలేదు. డాక్టరు పన్నును పదునైన అంచులతో అరిగిస్తే, ఆ మూల దగ్గర క్యాప్ లోపల గుట్టలా మిగిలి, పన్నుకు తగిలి పైకి లేపుతుంది. సాఫ్ట్‌వేరులో దానికి సరిపడా లోపల చోటు వదిలే సెట్టింగు ఉంటుంది. అది ఎక్కువైతే క్యాప్ లోపల లొడలొడ. అరిగిపోయిన బర్రులతో చెక్కితే అంచు చిట్లుతుంది. బర్ర్ ఎన్ని క్యాపులు చెక్కిందో లెక్క ఉంటుంది, కొత్త బర్ర్ అడగడానికి మొహమాటం వద్దు. బర్ర్ ఖరీదు రీమేక్ ఖరీదులో ఎంతో చిన్న భాగం.

సరే, క్యాప్ చేతికొచ్చింది. చాలామంది వెంటనే డై మీద పెట్టి నొక్కుతారు. ముందు బోర్లా తిప్పి లోపల చూడండి. పది రెట్లు పెద్దగా చూపే మైక్రోస్కోపు ల్యాబుల్లో మూలన దుమ్ము పట్టి ఉంటుంది, దాన్ని ముందుకు లాగండి. పోతలో చిన్న లోహపు గుండు, జిర్కోనియాలో మిగిలిన పలుకు, ఏదో ఒకటి ఉంటుంది. ముందది తీసేయండి. అది ఉండగా నొక్కితే డై గీసుకుపోతుంది. డై గీసుకుపోయాక క్యాప్ దానికి బ్రహ్మాండంగా కూర్చుంటుంది, నోట్లో మాత్రం కూర్చోదు. క్యాప్ లోపల రాయిపొడి రంగు అంటుకుని కనపడిందంటే మోడలు దెబ్బతిన్నట్టే.

తర్వాత వేలి ఒత్తిడితో మాత్రమే దించండి. గాజు ఎక్కించుకునేటప్పుడు చెయ్యి నొప్పెడితే సైజు తప్పని తెలుస్తుంది గదా. ఇదీ అంతే. బలవంతం పెడితే దిగింది అంటే దిగలేదు అని అర్థం. రెండు వేళ్లతో అటూ ఇటూ నొక్కి చూడండి. ఊగితే లోపల ఎక్కడో ఒక్క చోట ఆనుతోంది, దాని మీద ఊయలలా ఊగుతోంది. ఆ చోటు తెలుసుకోవడానికి ఫిట్ చెకర్ సిలికానో, సన్నని రంగు స్ప్రేనో వాడతాం. పలచగా కొట్టి, క్యాప్ దించి తీస్తే ఆనిన చోట రంగు చెరిగి మెరుస్తుంది. ఆ మెరిసిన చోటును మాత్రమే సన్నని డైమండ్ బర్ర్‌తో, జిర్కోనియా అయితే నీళ్లు పోస్తూ, కొంచెం తీయాలి. మళ్లీ స్ప్రే, మళ్లీ చూడటం. విసుగొచ్చి లోపలంతా ఒక చుట్టు తిప్పేశామా, క్యాప్ దిగుతుంది, కానీ పట్టు పోతుంది. ఇంకో ఆరు నెలలకు ఇడ్లీతో పాటు మింగేస్తారు.

అంచును ముల్లు లాంటి ఎక్స్‌ప్లోరర్‌తో రెండు వైపులనుంచీ గీసి చూడాలి. పన్ను మీదినుంచి క్యాప్ మీదికి, క్యాప్ మీదినుంచి పన్ను మీదికి. ఒకవైపు నుంచే తగిలితే అంచు బయటికి పొడుచుకొచ్చిందో, లోపలికి పొట్టిగా ఉందో తెలుస్తుంది. రెండువైపులా ముల్లు దిగబడితే సందు. మొన అరిగిపోయిన ఎక్స్‌ప్లోరర్‌కు అన్ని క్యాపులూ బాగానే ఉంటాయి.

ఇప్పుడు ఆ రెండు మోడళ్ల సంగతి. విడి డై మీద అంచు మూసుకుంది. అదే క్యాప్ కోయని మోడలు మీద పెడితే అంచు తెరుచుకుంది. అప్పుడు తప్పు అంచుది కాదు, లోపలిదీ కాదు. పక్క పళ్లు ఆపుతున్నాయి. క్యాప్ కూర్చోలేదని డాక్టర్లు తిప్పి పంపేవాటిలో మేము చూసినంతలో ఈ రకమే ఎక్కువ. పక్క ఒత్తిడిని ఎనిమిది మైక్రాన్ల షిమ్‌స్టాక్ రేకుతో చూస్తాం. లాగితే పట్టుకుని రావాలి, చిరగకూడదు, జారిపోకూడదు. చిరిగితే రంగు కాగితం పెట్టి ఎక్కడ తగులుతోందో చూసి, ఆ మచ్చను రబ్బరు చక్రంతో తీయాలి. మెరుగు పెట్టడం, గ్లేజు కాల్చడం ఈ లెక్కను కాస్త మారుస్తాయి, అందుకే అవన్నీ అయ్యాక మళ్లీ ఒకసారి చూడాలి.

కాటు దగ్గర చిన్న ఉపాయం. క్యాప్ లేకుండా పక్క పళ్ల మధ్య షిమ్‌స్టాక్ పెట్టి మూయండి, పట్టుకుంటుంది. క్యాప్ పెట్టి మళ్లీ చూడండి. ఇప్పుడు పక్క పళ్లు రేకును వదిలేస్తే క్యాప్ ఎత్తు ఎక్కువ. ఎదురు మోడలు మీద చిన్న ప్లాస్టరు బుడిపె ఉన్నా ఇలాగే అవుతుంది. దాన్ని చాకుతో తీసేసి మరీ చూడండి. జిర్కోనియా ఎత్తుగా వెళితే డాక్టరు నోట్లో అరగదీస్తాడు, ఆ గరుకు ఎదురు పన్నును తినేస్తుంది.

ఇక ఆ పేరు సంగతి. ఒక ల్యాబులో, పేరు వద్దు, ఒంగోలు వైపు అక్క ఒకావిడ ఉంది. చేతిలో పనితనం ఉన్న మనిషి. ఉన్నట్టుండి ఆవిడ క్యాపులు తిరిగి రావడం మొదలైంది. డాక్టర్లందరిదీ ఒకటే మాట: పక్క పన్నుకు సందు వస్తోంది, అన్నం మెతుకులు ఇరుక్కుంటున్నాయని. మేనేజరు ఆవిడ గంటలు తగ్గించాడు, రీమేకుల ఖర్చు జీతంలో పట్టుకుంటామన్నాడు. ఆవిడ ఏడ్చి ఊరుకునేదే. మేము నలుగురం కూర్చుని, తిరిగొచ్చిన వాటినన్నిటినీ కేసు నంబరుతో ఒక కాగితం మీద రాశాం. ఏ రోజు వచ్చింది, అచ్చా స్కానా, మోడలు ఏ ప్రింటరుది, ఎప్పుడు ముద్రించారు. రాసేసరికి కథ బయటపడింది. అచ్చుతో వచ్చినవి ఒక్కటీ తిరిగి రాలేదు. తిరిగొచ్చినవి దాదాపు అన్నీ స్కాన్ కేసులు, ఒకే త్రీడీ ప్రింటరులో ముద్రించిన మోడళ్లు, అదీ శుక్రవారం ముద్రించి సోమవారం దాకా కిటికీ పక్కన ఉంచినవి. డిజైన్ ఫైలులో పక్క పళ్ల మధ్య దూరం ఎంతుందో చూసి, మోడలు మీద కాలిపర్‌తో కొలిచాం. మోడలు ముడుచుకుపోయి ఉంది. ఆవిడేం చేసింది? ఆ ఇరుకు మోడలులో క్యాప్ దిగడం లేదని పక్కలు అరగదీసింది. మోడలుకు సరిపోయింది, నోటికి సందైంది. ఆవిడ చేతి తప్పు లేదు. ఇరుకు మోడలు ఇచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

స్కాన్ పనిలో ఇది గుర్తుపెట్టుకోవాలి. క్యాప్ ఆ స్కాన్ నుంచే వచ్చింది, మోడలూ ఆ స్కాన్ నుంచే వచ్చింది. రెండూ ఒకదానికొకటి సరిపోయినంత మాత్రాన నోటికి సరిపోతాయని కాదు. స్కాన్ తప్పైతే రెండూ కలిసే తప్పుతాయి. మోడలు తప్పైతే మంచి క్యాపును మనమే పాడుచేస్తాం. ముద్రించిన మోడళ్లను అప్పుడప్పుడూ కాలిపర్‌తో కొలవండి, ఎండా వేడీ తగలకుండా పెట్టండి, సరిగ్గా కడిగి, లైటు పెట్టెలో పూర్తిగా గట్టిపరచిందా అడగండి.

కాగితం చూపించాక మేనేజరు ప్రింటరు సరిచేయించాడు, అక్క గంటలు తిరిగొచ్చాయి. క్షమాపణ మాత్రం రాలేదు, అది వేరే విషయం. అందుకని ప్రతి ఒక్కరూ రాసి పెట్టుకోండి: మార్జిన్ అనుమానం అని ఏ రోజు ఎవరికి చెప్పారు, వాళ్లేమన్నారు. కానీ అది ల్యాబు కేసు నోట్స్‌లోనే రాయండి. రోగి పేరు, నోటి ఫొటోలు సొంత ఫోనులో పెట్టుకోవద్దు. అది రోగి గోప్యత చట్టం కిందికి వస్తుంది, న్యాయం మనవైపున్నా మనమే ఇరుక్కుంటాం. సొంత పుస్తకంలో రాసుకోవలసింది మీ పని గంటలు.

జీతంలో కోత గురించి. వర్జీనియా చట్టంలో, పన్నుల్లాంటివి తప్ప, మీరు రాసి సంతకం పెట్టిన అనుమతి లేకుండా యజమాని జీతంలో పట్టుకోవడానికి లేదు. రీమేక్ ఖర్చు అలా పట్టుకోవడానికి వీల్లేదు. చేరిన రోజు పది కాగితాలు ముందు పెట్టి సంతకం పెట్టమంటారు, వాటిలో ఈ అనుమతి ఉందేమో చదివి పెట్టండి. ముక్క లెక్కన జీతం ఇచ్చే ల్యాబులున్నాయి. అలా ఇచ్చినా వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైం ఇవ్వాలన్నది 1938 నాటి ఫెడరల్ చట్టం. ల్యాబు పనివాళ్లు "మేం ముక్కల మీద కదా" అనుకుని అడగరు. అడగండి. ఈ చట్టానికి మీ వీసా ఏమిటన్నదానితో పనిలేదు. ఫిర్యాదు వర్జీనియా కార్మిక శాఖకు, లేదా ఫెడరల్ వేజ్ అండ్ అవర్ వాళ్లకు చేయొచ్చు.

ఇంకోటి మరీ ముఖ్యం, ఊపిరి. అంచు బాగా రావాలని మైక్రోస్కోపు కిందికి ముఖం దించి, దుమ్ముకు రెండంగుళాల దూరంలో కూర్చుంటాం. ఇన్వెస్ట్‌మెంట్‌లో, పోర్సిలెయిన్‌లో, ప్యూమిస్‌లో సిలికా ఉంటుంది. క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లకు ఊపిరితిత్తులు పాడుచేసే సిలికోసిస్ ఇదే దుమ్ముతో వస్తుంది. ఏసీ గదిలో, తెల్లకోటు వేసుకుని కూర్చున్నాం గదా, మనకెందుకొస్తుంది అనుకోకండి. 1994 నుంచి 2000 మధ్య అమెరికాలో ఐదు రాష్ట్రాల్లో డెంటల్ ల్యాబ్ పనివాళ్లలో తొమ్మిది సిలికోసిస్ కేసులు నమోదయ్యాయని ఇక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రమే 2004లో ప్రచురించింది. కొన్ని నికెల్ లోహాల్లో బెరిలియం ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. గాలిలో సిలికా ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదని 2016లో, బెరిలియం 0.2 దాటకూడదని 2017లో ఓషా నిబంధనలు పెట్టింది.

బల్ల దగ్గర పీల్చే గొట్టం పనిచేస్తోందో లేదో చిన్న టిష్యూ కాగితం పెట్టి చూడండి, అతుక్కోవాలి. గాలి గొట్టంతో బల్ల మీద దుమ్ము ఊదకండి, తడిబట్టతో తుడవండి. లోహం డబ్బా మీద పేర్లు చదవండి, ఆ లోహానికి సంబంధించిన భద్రతా కాగితం అడిగే హక్కు మీకుంది. గొట్టం పాడైతే నోటితో కాదు, రాతలో చెప్పండి. అయినా బాగుచేయకపోతే వర్జీనియాలో చూడాల్సింది వాష్ అనే రాష్ట్ర కార్యాలయం, కార్మిక శాఖలోనే ఉంటుంది. ఇంటికి వెళ్లాక ఆ చొక్కాతోనే పిల్లల్ని ఎత్తుకోవద్దు. ఈ మాట మా ఇళ్లలో ఆడవాళ్లు చెప్పాక మాకు తట్టింది.

పైకి వెళ్లాలనుకునేవాళ్లకు సీడీటీ అని ఒక సర్టిఫికెట్ ఉంది. రెండు రాత పరీక్షలు, ఒక చేతిపని పరీక్ష. మన దేశపు డిప్లొమా ఒక్కటే చాలదు గానీ, బల్ల మీద చేసిన ఏళ్లు లెక్కలోకి వస్తాయి. చేతిపని పరీక్షలో వాళ్లు చూసేది ఇప్పటిదాకా చెప్పిందే: అంచు, పక్కలు, కాటు. మాలో ఇద్దరు పాసయ్యారు, ముగ్గురు చదువుతున్నారు. పాసైన ఇద్దరూ రెండో శనివారం సాయంత్రాలు ఇక్కడే కూర్చుని నేర్పుతామన్నారు, ఫీజేం లేదు, టీ మాత్రం మీరే పెట్టాలి.

ఆ మూల బల్ల మీద రెండు మోడళ్లు, ఒక విడి డై, మూడు క్యాపులు పెట్టాం. మూడింటిలో ఒకదానికి అంచు సందు, ఒకదానికి పక్క ఒత్తిడి, ఒకటి బాగుంది. షిమ్‌స్టాక్ రేకు, ఎక్స్‌ప్లోరర్, భూతద్దం పక్కనే ఉన్నాయి. భోజనాలయ్యాక వచ్చి ఏది ఏదో చూసి చెప్పండి. పిల్లలు కూడా రావచ్చు, కానీ క్యాపులు నోట్లో పెట్టుకోనివ్వకండి.